మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?

(రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి, తర్వాతి చికిత్స కోసం ఎదురుచూస్తున్నవారికి, వారి ఇంటివారికి ఒక పాఠం)



మా అల్లూరులో ఇటీవల ఒక తల్లిని చూడడానికి వెళ్ళాను. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకొని వచ్చి పన్నెండు రోజులైంది. వసారాలో మంచం మీద దిండుకు ఆనుకొని కూర్చున్నది. కుడి చేతిని ఒడిలో పెట్టుకొని, అది తనది కానట్టు చూస్తున్నది. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన బంధువులు బత్తాయిలు ఇచ్చి, "దేవుడు చల్లగా చూశాడు, గండం గడిచింది" అని చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక ఆమె నాతో ఇలా అన్నది:

"ఆపరేషన్ అంటే భయపడ్డాను గానీ ఫాదరుగారూ, అది ఒక్క రోజుతో అయిపోయింది. ఇప్పుడు ఊరికే కూర్చోని ఎదురుచూడ్డం ఉందే, ఇదే కష్టంగా ఉంది. అయినా తీసేసినారు గదా, ఇంకా మళ్ళీ మందులెందుకంట?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఎదురుచూచే రోజుల్లో ఏం చేయాలి? తీసివేసిన తర్వాత ఇంకా చికిత్స ఎందుకు? ఈ రెండు ప్రశ్నలు ఒక్క అల్లూరులోనే కాదు, ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. 2022వ సంవత్సరంలో మన దేశంలో దాదాపు 1 లక్షా 92 వేలమంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని అంచనా. అదే సంవత్సరంలో ఈ వ్యాధితో 98 వేలమంది చనిపోయారు. కనుక ఈ వారం ఈ విషయాన్ని శ్రద్ధగా నేర్చుకుందాం. అయితే పాఠం చెప్పబోయే ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

1. ఒక గురువు చేసిన పొరపాటు

చాలా ఏళ్ళ క్రితం, నేను చిన్న వయసులో సముద్రతీరాన మరొక విచారణలో పనిచేస్తున్నప్పటి మాట. ఒక తల్లికి రొమ్ములో గడ్డ వచ్చి, పట్నంలో ఆపరేషన్ చేశారు. భర్త వేటకు వెళ్ళేవాడు. ఆమె చేపలు ఎండబెట్టి అమ్ముకొనేది. తిరిగి వచ్చిన ఆదివారం కుటుంబమంతా కృతజ్ఞతా పూజ పెట్టించుకున్నారు. నేను ప్రసంగంలో ఉత్సాహంగా, "ఈ తల్లికి దేవుడు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు, ఇక ఏ భయమూ లేదు" అన్నాను. గుడి అంతా చప్పట్లు కొట్టింది.

మూడు వారాలకు తిరిగి రావాలని డిశ్చార్జి కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితం నేను చూడలేదు. ఉందేమోనని అడగనూ లేదు. తర్వాత వాళ్ళింట్లో మళ్ళీ ఆసుపత్రికి పోయే మాట వచ్చినప్పుడు, "నయమైందని ఫాదరుగారే చెప్పినారు గదా" అనుకున్నారు. వేట సాగుతున్న రోజులు, చేతిలో డబ్బు లేదు, ఆమెకు నొప్పి కూడా లేదు. ఆగిపోయారు.

ఏడాది దాటిన తర్వాత నడుము నొప్పి అని మంచం పట్టింది. వ్యాధి ఎముకలకు ప్రాకిందని తేలింది. అభ్యంగనం ఇవ్వడానికి వెళ్ళిన రోజు ఆమె భర్త జపాల పుస్తకంలో మడిచి దాచిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇందులో ఏముందో చదవండి ఫాదరుగారూ" అన్నాడు. అందులో తేదీ ఉంది, తప్పక రావాలన్న మాట కింద గీత ఉంది. ఆయన నన్ను నిందించలేదు. నిందించి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తిరిగి వెళ్ళి ఉంటే ఆమె బ్రతికేదని నేను చెప్పలేను, ఏ వైద్యుడూ చెప్పలేడు. కానీ ఆమెకు దక్కవలసిన ఒక అవకాశం నా తొందరపాటు మాట వల్ల చేజారింది. ఆనాటి నుంచి ఆపరేషన్ అయి వచ్చినవారి ఇంటికి వెళితే "నయమైందా?" అని నేను అడగను. "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?" అని అడుగుతాను.

2. తీసేసిన తర్వాత ఇంకా మందులెందుకు?

పొలం పని తెలిసినవారికి ఇది చెప్పడం తేలిక. వరిచేలో తుంగ పడిందనుకోండి. పైకి కనిపించిన తుంగనంతా పీకి గట్టున వేస్తాం. చేను శుభ్రంగా కనిపిస్తుంది. కానీ మట్టిలో కంటికి కనిపించని గడ్డలు మిగిలి ఉంటే, తడి తగలగానే మళ్ళీ మొలుస్తుంది. రొమ్ములోని గడ్డ పైకి కనిపించే తుంగ. ఆపరేషన్ దాన్ని తీసివేస్తుంది. కానీ ఆ గడ్డ నుంచి కొన్ని కణాలు అప్పటికే రక్తంలో కలిసి ఎముకలలోనో, ఊపిరితిత్తులలోనో, కాలేయంలోనో చేరి ఉండవచ్చు. అవి ఏ స్కానింగులోనూ కనిపించనంత సూక్ష్మంగా ఉండవచ్చు. తర్వాతి చికిత్స వాటి కోసం.

వైద్యలోకం కూడా ఈ సంగతి ఒక్కరోజులో తెలుసుకోలేదు. 1880ల నుంచి అమెరికాలో హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు రొమ్మును, దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తీసివేసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదన్న అభిప్రాయం చాలాకాలం నిలిచింది. అయినా కొందరికి వ్యాధి తిరిగి వచ్చేది. 20వ శతాబ్దం రెండో సగంలో బెర్నార్డ్ ఫిషర్ వంటి వైద్యులు, లోపం కోతలో లేదనీ, కొందరిలో కణాలు కోతకు ముందే ప్రయాణమై పోయి ఉంటాయనీ పరిశోధనల ద్వారా నిరూపించారు. అందువల్లనే నేడు చాలామందికి రొమ్మునంతా తీయకుండా గడ్డ వరకే తీసి, రేడియేషన్ ఇవ్వడం సాధ్యమవుతున్నది.

ఇక ఆపరేషన్ తర్వాత మందులు ఇస్తే నిజంగా మేలు ఉందా? ఇటలీలోని మిలాన్ నగరంలో బొనడొన్నా అనే వైద్యుడు దీన్ని పరీక్షించాడు. చంక గ్రంథులకు వ్యాధి ప్రాకిన స్త్రీలలో ఆపరేషన్ తర్వాత 179 మందికి మందులు ఇవ్వలేదు, 207 మందికి మూడు మందులు కలిపి ఇచ్చారు. 27 నెలల తర్వాత చూస్తే, మందులు లేనివారిలో నూటికి 24 మందికి వ్యాధి తిరగబెట్టింది. మందులు తీసుకొన్నవారిలో నూటికి 5 మందికి మాత్రమే తిరగబెట్టింది. ఈ ఫలితం 1976లో ప్రకటితమైంది. 20 ఏళ్ళ తర్వాత 1995లో మళ్ళీ చూచినప్పుడు కూడా ఆ మేలు నిలిచే ఉంది.

మనం గుర్తుంచుకోవలసిన మరొక విషయం ఉంది. ఆ మూడు మందులలో ఒకటి మెథోట్రెక్సేట్. అది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారైన మందు. ఆయన 1948లో కన్నుమూశారు. తన మందు రొమ్ము క్యాన్సర్ స్త్రీలకు ఇంత ఉపకరిస్తుందని చూడడానికి ఆయన బ్రతికి లేరు. ఇప్పుడు రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కువగా వేరే మందులు వాడుతున్నారు. అయినా ఆపరేషన్ తర్వాత మందు అనే బాటను వేసినవాటిలో ఒక తెలుగువాని చెమట ఉంది. "ఇవి మనకు పడని ఇంగ్లీషు మందులు" అనేవారికి ఈ మాట చెప్పండి.

3. ఆ కాగితంలో ఏముంటుంది?

ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని పరీక్షకు పంపుతారు. ఆ రిపోర్టు రావడానికి వారం పది రోజులు, కొన్ని సందర్భాల్లో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆలస్యమవుతున్నదంటే చెడ్డవార్త దాస్తున్నారని అర్థం కాదు. కొన్ని పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి చేయవలసినవి. రిపోర్టు వచ్చాక ఈ నాలుగు సంగతులు డాక్టరును అడిగి, తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

మొదటిది, గడ్డ ఎంత పెద్దది? రెండవది, చంకలో ఎన్ని గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింటికి వ్యాధి ఉంది? మూడవది, కోసిన అంచులలో వ్యాధి ఏమైనా మిగిలిందా? నాలుగవది, ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 పరీక్షలు ఏమన్నాయి?

ఈ నాలుగవదాన్ని కొంచెం వివరించాలి. మొదటి రెండూ పాజిటివ్ అయితే, ఆ క్యాన్సర్ స్త్రీ హార్మోన్ల బలంతో పెరిగే రకమని అర్థం. అటువంటివారికి హార్మోన్ పనిని ఆపే మాత్రలు 5 నుంచి 10 సంవత్సరాలు ఇస్తారు. టామాక్సిఫెన్ అనే మాత్రను ఈ రకం స్త్రీలు 5 సంవత్సరాలు వాడితే 15 ఏళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని తేలింది. రోజుకు ఒక్క మాత్ర గదా అని తేలికగా తీసుకొని మధ్యలో ఆపవద్దు. హెర్-2 పాజిటివ్ అయితే దానికి ప్రత్యేకమైన ఇంజెక్షను ఉంది. సాధారణంగా ఒక ఏడాది ఇస్తారు.

ఇక్కడ చాలా ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతున్నది. మూడూ నెగటివ్ అని రాగానే, "అన్నీ నెగటివే, వ్యాధి లేదు" అని సంతోషించి ఇంట్లో కూర్చుంటారు. అది తప్పు అర్థం. మూడూ నెగటివ్ అంటే హార్మోన్ మాత్రలు, ఆ ప్రత్యేక ఇంజెక్షను పనిచేయని రకమని అర్థం. అటువంటివారికి కీమో మరింత ముఖ్యం. కాగితం మీది మాటకు అర్థం పక్కింటివారిని కాదు, డాక్టరునే అడగండి.

చికిత్స అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి ఆపరేషన్‌కు ముందే కీమో ఇచ్చి ఉంటారు. కొందరికి మాత్రలే చాలు. కీమో అవసరమైనవారికి సాధారణంగా ఆపరేషన్ అయిన 4 నుంచి 6 వారాలలో మొదలుపెడతారు. 3 నెలలు దాటితే మేలు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. రేడియేషన్ కూడా కావలసినప్పుడు అది మామూలుగా కీమో తర్వాత వస్తుంది. వారానికి 5 రోజుల చొప్పున 3 నుంచి 5 వారాలు ఉంటుంది. కనుక "ఈ పంట చేతికొచ్చాక పోదాం", "పెళ్ళి అయినాక చూద్దాం" అని వాయిదా వేయకండి.

4. ఎదురుచూపు కూడా ఒక పనే

ఇప్పుడు ఆ తల్లి మొదటి ప్రశ్నకు వద్దాం. ఊరికే కూర్చోవడం కష్టం. నిజమే. కానీ ఈ నాలుగైదు వారాలు ఊరికే కూర్చోవలసినవి కావు. శరీరాన్ని తర్వాతి చికిత్సకు సిద్ధం చేసే రోజులివి.

చేతి సంగతి. ఆపరేషన్ అయినవైపు చేతిని భయపడి కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. రేడియేషన్ ఇచ్చేటప్పుడు చేయి తలమీదికి ఎత్తి ఉంచాలి. ఎత్తలేకపోతే చికిత్సే ఆలస్యమవుతుంది. మొదటి రోజుల్లో గుప్పిట మూసి తెరవడం, మోచేయి మడవడం చేయవచ్చు. డాక్టరు ఒప్పుకొన్నాక గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో గోడమీద మెల్లమెల్లగా పైకి ప్రాకించాలి. ఈరోజు ఎంతవరకు వెళ్ళిందో బొగ్గుతో గీత గీసుకోండి. రేపు ఆ గీతను దాటడానికి ప్రయత్నించండి. చంక, జబ్బ లోపలివైపు తిమ్మిరిగా ఉండడం మామూలే. నరాలు కోతలో దెబ్బతినడం వల్ల అలా ఉంటుంది.

గాయం సంగతి. గొట్టం పెట్టి పంపిస్తే రోజూ ఎంత నీరు దిగిందో కొలిచి రాసుకోండి. రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గాక సాధారణంగా తీసివేస్తారు. గొట్టం తీశాక చంక కింద నీరు చేరి ఉబ్బవచ్చు. అది డాక్టరు సూదితో తీయవలసినదే గాని, ఇంట్లో పిండవలసినది కాదు. గాయం ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా వెంటనే చూపించండి. పసరు, బూడిద, పసుపు ముద్ద గాయం మీద పెట్టవద్దు.

మన తీరప్రాంతం వారికి మరొక హెచ్చరిక. చంక గ్రంథులు తీసిన చేయి తర్వాత వాయవచ్చు. ఆ చేతికి దెబ్బ తగిలి చీము పడితే వాపు వచ్చే అవకాశం పెరుగుతుంది. రొయ్యలు ఒలిచేటప్పుడు గుచ్చుకొనే ముల్లు, కొడవలి గాటు, పొయ్యి మంట, ఇవన్నీ ఆ చేతికి ప్రమాదమే. పనిలోకి తిరిగి వెళ్ళాక చేతికి తొడుగు వేసుకోండి. రక్తం తీయడానికీ, సూది వేయడానికీ వీలైనంతవరకు రెండో చేయి ఇవ్వండి.

తిండి సంగతి. మన ఇళ్ళలో ఆపరేషన్ అనగానే పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుందని పప్పు మానిపిస్తారు. గుడ్డు వద్దంటారు, చేప వద్దంటారు. గంజి, చారన్నం మీద ఉంచుతారు. గాయం మానాలన్నా, కీమోను తట్టుకోవాలన్నా మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేప పెట్టండి. సముద్రం పక్కన ఉండి చేప వద్దనడం ఏమి న్యాయం? చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం దాన్ని అదుపులో పెట్టుకోవాలి. లేకపోతే గాయం త్వరగా మానదు. నాటు మందు ఏదైనా తింటున్నట్లయితే డాక్టరుకు దాచకుండా చెప్పండి. అది కీమో మందుతో కలిసి కాలేయానికి హాని చేయవచ్చు.

కీమోకు ముందు రక్తపరీక్షలు, కొన్ని మందులకు గుండె పరీక్ష చేస్తారు. పంటినొప్పి ఉంటే ముందే చూపించుకోండి. ఇంకా పిల్లలు కావాలనుకొనే చిన్న వయసువారు ఆ సంగతి కీమో మొదలుకాక ముందే డాక్టరుతో మాట్లాడాలి.

డబ్బు సంగతి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకంలో ఆపరేషన్ ఒక్కటే కాదు, కీమో, రేడియేషన్ కూడా ఉన్నాయి. ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బందిని కలిసి కార్డు చూపించి అడగండి. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి, తోడు వెళ్ళే ఒకరికి రైలు చార్జీలో రాయితీ ఉంది. దానికి ఆసుపత్రివారు నిర్ణీత ఫారంలో సంతకం చేసి ఇస్తారు. మనవాళ్ళు కొందరు చెన్నై అడయారుకు వెళుతుంటారు. ఆ సంస్థను డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారు క్యాన్సర్‌తో చనిపోయిన తన చెల్లెలిని మరువలేక 1954లో 12 పడకలతో ప్రారంభించారు. ఒక స్త్రీ దుఃఖం నుంచి పుట్టిన ఆసుపత్రి అది.

5. సిగ్గు ఎందుకు?

రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీని నొప్పి కంటే ఎక్కువగా బాధించేది సిగ్గు. "ఏ గడ్డ?" అని ఎవరైనా అడిగితే "భుజం దగ్గర" అని చెప్పేవారున్నారు. అద్దం ముందు నిలబడలేనివారున్నారు. భర్త ముఖం చూడలేనివారున్నారు. ఇది పాపానికి శిక్ష కాదు. అంటువ్యాధి కాదు. ఆమె పళ్ళెం, గ్లాసు వేరు పెట్టకండి. మనవళ్ళను ఆమె పక్కన పడుకోనివ్వండి.

హైదరాబాదులో స్త్రీల వైద్యురాలిగా పేరుపొందిన డాక్టర్ ఉషాలక్ష్మిగారికి 2002లో రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. ఎందరో స్త్రీలకు వైద్యం చేసిన చేతులు రోగి చేతులయ్యాయి. ఆ కుటుంబం దాచుకోలేదు. శస్త్రవైద్యుడైన ఆమె కుమారుడు డాక్టర్ రఘురామ్ 2007లో తల్లి పేరుతోనే సంస్థ స్థాపించి, రొమ్ము క్యాన్సర్ గురించి తెలుగునాట బహిరంగంగా మాట్లాడడం మొదలుపెట్టారు. దాచిన పేరు ఎవరికీ ఉపయోగపడదు. చెప్పిన పేరు వేలమందికి ధైర్యమైంది.

మన శ్రీసభలోనూ అటువంటివారు ఉన్నారు. 3వ శతాబ్దంలో సిసిలీ ద్వీపంలో వేదసాక్షిగా మరణించిన పునీత అగాతమ్మను హింసకులు రొమ్ములు కోసి బాధించారని సంప్రదాయం చెబుతున్నది. ఫిబ్రవరి 5న ఆమె పండుగ. ఈ వ్యాధి ఉన్నవారు ఆమె మధ్యవర్తిత్వాన్ని వేడుకుంటారు. శ్రీసభ ఆమె గాయాన్ని సిగ్గుగా కాక కిరీటంగా చూచింది. ఇక గుంటూరులో 1920 నుంచి వైద్యసేవ చేసిన ఆస్ట్రేలియా దేశపు మఠకన్య డాక్టర్ మేరీ గ్లౌరీ 1957లో క్యాన్సర్‌తోనే బెంగుళూరులో కన్నుమూశారు. ఆమెను 2013లో దైవసేవకురాలిగా ప్రకటించారు. వ్యాధి ఎవరి భక్తినీ కొలిచే త్రాసు కాదు.

గాయం పూర్తిగా మానాక జాకెట్టు లోపల మెత్తటి నూలుగుడ్డతో కుట్టిన దిండు పెట్టుకోవచ్చు. బజారులో దొరికే సిలికోను రొమ్ము కూడా ఉంది. పెట్టుకోకపోయినా తప్పు లేదు. అది ఆమె ఇష్టం.

6. ఆశకు ఇద్దరు శత్రువులు

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాస్ అక్వినాసు ఆశ గురించి చెప్పింది వల్లె వేశాను. అర్థమైంది మాత్రం ఇలాంటి మంచాల పక్కనే. ఆశించేదానికి నాలుగు గుర్తులుండాలని ఆయన బోధ. అది మంచిదై ఉండాలి. ఇంకా చేతికి రానిదై ఉండాలి. కష్టంతో దొరికేదై ఉండాలి. అయినా సాధ్యమైనదై ఉండాలి.

ఇందులో "కష్టం" అన్న గుర్తును తీసివేస్తే మిగిలేది మితిమీరిన ధీమా. "దేవుడు చూసుకుంటాడు, ఇక ఆసుపత్రి ఎందుకు?" అనేది ఆ ధీమా. నేను ఆనాడు పీఠం ముందు నిలబడి పలికింది అదే. "సాధ్యం" అన్న గుర్తును తీసివేస్తే మిగిలేది నిరాశ. "క్యాన్సర్ అన్నాక ఏం చేసినా అంతే, ఉన్న అర ఎకరం కూడా ఎందుకు అమ్మడం?" అనేది ఆ నిరాశ. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. కానీ రెండింటి ఫలితం ఒకటే. ఇద్దరూ బస్సు ఎక్కరు. ఇద్దరూ ఇంట్లోనే ఉండిపోతారు.

నిజమైన ఆశ కష్టాన్ని ఒప్పుకుంటుంది. జుట్టు ఊడుతుందని తెలుసు. మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు అది మొదలవుతుంది, చికిత్స ముగిశాక మళ్ళీ మొలుస్తుంది. వాంతులు, నీరసం ఉండవచ్చని తెలుసు. వాటికి మందులున్నాయనీ తెలుసు. భయం పోయాక వెళ్ళడం కాదు, భయంతోనే వెళ్ళడం ఆశ. కనుక ఆమె ఏడిస్తే "ఏడవకు, ధైర్యంగా ఉండు" అని నోరు మూయించకండి. ఏడ్చిన తర్వాత ఫైలు సర్దుకొంటే అది ఆశే.

7. చూడడానికి వెళ్ళేవారికి

కొందరి ఇళ్ళలో గురువు తైలం తీసుకొని వస్తే, చావు దగ్గరపడిందని భయపడతారు. ఇది పాత అపోహ. రెండవ వాటికన్ మహాసభ 1963లోనే దీన్ని వ్యాధిగ్రస్తుల అభ్యంగనమని పిలవడం తగినదని చెప్పింది. 1972లో పౌలు 6వ పాపుగారు ఆ సాంగ్యాన్ని సవరించారు. పెద్ద ఆపరేషన్‌కు ముందు తీసుకోవచ్చు. వ్యాధి మళ్ళీ తీవ్రమైతే మళ్ళీ తీసుకోవచ్చు. అది చికిత్సకు బదులు కాదు, చికిత్సకు వెళ్ళేవారికి బలం. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తీసి చదవండి. రోగి ప్రార్థన చేయాలనీ, వైద్యునికి కూడా చోటు ఇవ్వాలనీ అక్కడ ఒకేచోట కనిపిస్తుంది. ప్రార్థనను, వైద్యాన్ని విడదీసింది దేవుడు కాదు, మనమే.

మరియదళం సభ్యులారా, యువకులారా, మీరు బత్తాయిలతో ఆగిపోకండి. ఎవరు ఆమెతో పాటు బస్సులో వెళతారు? ఆ రోజు ఇంటిదగ్గర ముసలి అత్తకు, పిల్లలకు అన్నం ఎవరు వండుతారు? రేడియేషన్ మూడు వారాలూ పట్నంలో ఆమె ఎక్కడ ఉంటుంది? ఈ మూడింటికి మనుషులను చూడండి. ఆమె చెల్లెళ్ళకు, కూతుళ్ళకు కూడా ఒకసారి డాక్టరుకు చూపించుకోమని చెప్పండి.

ఇక ఆ తల్లి సంగతి. ఆ రోజు నేను అడగగానే ఆమె దిండు కింద నుంచి ఫైలు తీసింది. రిపోర్టుతో సోమవారం రమ్మన్నారు. తోడు వెళ్ళవలసిన కొడుకుకు సెలవు దొరకలేదు. అందుకని పై వారం చూద్దామనుకుంటున్నారు. పక్కింటి ఆమె గడపలో నిలబడి వింటున్నది. "నేనొస్తాలే వదినా, పొద్దున్నే మొదటి బస్సుకు పోదాం" అన్నది. ఆ రోజు నేను విన్న ప్రార్థనలన్నిటిలో అది మంచి ప్రార్థన.

కుటుంబంలో కలిసి ఆలోచించుకోవడానికి:

1. మన వీధిలో ఆపరేషన్ అయి వచ్చినవారు ఎవరు? వారిని మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో మనకు తెలుసా?

2. ధీమా, నిరాశ, ఈ రెండింటిలో మన ఇంట్లో ఎక్కువగా వినిపించేది ఏది?

3. మన ఇంట్లో ఎవరికైనా ఇటువంటి వ్యాధి వస్తే దాచుకుంటామా, చెప్పుకుంటామా? ఎందుకు?